హోటలు భవనముల రూపాంతరము: నివాస విపణి మిశ్రమోపయోగము

నిర్వచనము

పట్టణపు నడిబొడ్డున బాటసారుల బసకై నిర్మింపబడిన హోటలు భవనమును, దాని వ్యాపారము క్షీణించినపుడు గాని, అది నిలిచిన నేలవిలువ భవనపు విలువను మించిపోయినపుడు గాని, సమూలముగా పడగొట్టియో, స్తంభములను కప్పులను నిలిపి లోపలి గోడలను మాత్రము మార్చియో, క్రింది అంతస్తున అంగళ్లును పై అంతస్తులందు స్థిరనివాసములును ఉండునట్లు మలచుటను మిశ్రమోపయోగ రూపాంతరమని వ్యవహరింతురు. ఒకే భవనమునందు వాసమును వాణిజ్యమును కలిసియుండుట మిశ్రమోపయోగము. పూర్వమున్న ఉపయోగమును మాన్పి వేరొకదానిని ప్రవేశపెట్టుట రూపాంతరము. ఈ రెండును కలిసినపుడే ప్రస్తుత విషయము సిద్ధించును. తెలుగునాట వీథివీథిని కానవచ్చు ‘క్రింద కొట్టు, పైన ఇల్లు’ అను పద్ధతి మిశ్రమోపయోగమే కాని రూపాంతరము కాదు. పాత సినిమా హాలును పడగొట్టి మాల్ కట్టుట రూపాంతరమే కాని అందు సాధారణముగా వాసము లేదు.

ఇచట ఒక మాటను గూర్చి వివరణ మవసరము. తెలుగువారి వాడుకలో ‘హోటలు’ అనగా భోజన ఫలహారశాల. బసకు గదులిచ్చు చోటు ‘లాడ్జి’. రెండును కలిసిన చోట ‘బోర్డింగు అండ్ లాడ్జింగు’ అని బోర్డు కట్టుట చిరకాలాచారము. ఈ వ్యాసమున హోటలనగా బస గదులు గల భవనమనియే గ్రహింపవలెను. అద్దెకిచ్చు అంగడిగదిని తెలంగాణమున ‘మడిగె’ యందురు. చుట్టలు చుట్టుకొను ఇనుపతలుపును బట్టి ‘షట్టరు’ అనుటయు కలదు.

హోటలునందు స్వామి యొక్కడు, అతిథులు పెక్కుమంది. నీటితొట్టి ఎండినను, మెట్లు పగిలినను, పైకప్పు కారినను బాగుచేయవలసినవా డెవడో సందేహము లేదు. రూపాంతరము జరిగిన పిమ్మట స్వాములే పెక్కుమంది యగుదురు, అతిథి యుండడు. కావున ఇది గోడలను మార్చు పనిగా పైకి కనిపించినను, వాస్తవమున బాధ్యతను విభజించు పని. దిగువ వివరింపబోవు ఉదాహరణములలో నిలిచిన భవనములకును కూలిన భవనములకును గల భేదము చాలవఱకు ఈ విభజనము కుదురుటపైననే యాధారపడియున్నది.

పూర్వరూపములు: సరాయి, సత్రము

ప్రయాణికుల బసను అంగళ్లతో జోడించుట దక్కనునకు క్రొత్త కాదు. గోలకొండనుండి పడమరకు పోవు మార్గమున, కుతుబ్‌షాహీల కాలమున వెలసిన షేక్‌పేట సరాయి రెండంతస్తుల రాతికట్టడము. గదుల వరుసలతోపాటు పశువులకు శాలలును ప్రక్కనే మసీదును అందు కలవు. సరాయిల పట్టికను ఉంచుటకును పరిశుభ్రతను కాపాడుటకును బ్రిటిషు ప్రభుత్వము 1867లో సరాయిల చట్టమును చేసినది. హోటలు నడపువారికి ప్రత్యేక బాధ్యతలను విధించిన తొలి భారత శాసనములలో ఇది యొకటి.

కోస్తా పట్టణములలో సత్రములు ఇదే పనిని ధర్మబుద్ధితో నిర్వహించినవి. సత్రమునకు వీథివైపున కొట్లు కట్టి, వాని అద్దెతో లోపలి బసను, అన్నదానమును సాగించుట దాతలు కనిపెట్టిన చక్కని ఉపాయము. ఇట్టి సత్రములలో పెక్కింట కాలక్రమమున లోపలి బస తగ్గి, వీథి కొట్లే మిగిలినవి. అవి 1987 నాటి ధార్మిక, హిందూ మత సంస్థల, దేవాదాయ చట్టమున కధీనములు గనుక, సత్రపు స్థలమును అమ్మవలెనన్నను దీర్ఘకాలపు కౌలున కీయవలెనన్నను దేవాదాయ శాఖ అనుమతి కావలయును. దానము చేసినవాని సంకల్పమునకు భిన్నమైన వినియోగము ఈ చట్టపు దృష్టిలో దోషము. కాబట్టి సత్రము అంత తేలికగా అపార్టుమెంటు కాజాలదు. (చూ. సత్రములు, ధర్మాదాయములు.)

హైదరాబాదు: పత్తర్‌గట్టి, హిల్ ఫోర్ట్

1908 సెప్టెంబరు 28న మూసీనది వెల్లువ హైదరాబాదు నగరమును ముంచివేసిన పిదప, నగరపు ఇరుకుతనమును తొలగించుటకై 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడినది. ఉర్దూలో దానిని ఆరాయిషె బల్దా అనిరి. ఈ బోర్డు చార్మినారునకు ఉత్తరముగా పత్తర్‌గట్టి వీథికి ఇరువైపుల నల్లరాతి కమానుల వరుసను నిలిపి, క్రింద అంగళ్లకును పైన వాసములకును తావు కల్పించెను. బాటసారి ఎండకు ఎండక, వానకు తడియక నడుచుటకు వీలైన ఈ నడవ, ప్రణాళిక ప్రకారము నిర్మింపబడిన మిశ్రమోపయోగ వీథికి తెలుగుదేశమున మేలైన నిదర్శనము. పై అంతస్తులలోని వాసములు తరువాతికాలమున గిడ్డంగులుగను, కుట్టుపనివారి గదులుగను మారినవి. అంగడి వాసమును మ్రింగుట మిశ్రమోపయోగ భవనముల సామాన్యరోగము.

హిల్ ఫోర్ట్ భవనపు చరిత్ర దీనికి ప్రతిలోమమైనది. హైదరాబాదు ఉన్నత న్యాయస్థానమున ప్రధాన న్యాయమూర్తిగా నుండిన సర్ నిజామత్ జంగ్ దీనిని 1915లో తన నివాసమునకై కట్టించెను. 1929లో నిజాము దీనిని కొని తన కుమారుడైన మొజ్జం జాకు ఇచ్చెను. నగరాభివృద్ధి బోర్డునకు అధ్యక్షుడైన యతడు ఇందు నివసించెను. 1955లో ఇదే భవనము రిట్జ్ హోటలైనది. ఆ శతాబ్ది చివరి దశకమున హోటలు మూతపడి, భవనము శిథిలమగుటకు మొదలిడినది. వారసత్వ పరిరక్షకులు న్యాయస్థానము నాశ్రయించిరి. నగరములోని ఇరుకు ఇండ్లను తీర్చిదిద్దిన సంస్థకు అధ్యక్షుడైనవాని ఇల్లే మొదట హోటలై, తరువాత ఏ ఉపయోగమును లేని భవనముగా మిగులుట గమనింపదగినది. వారసత్వ భవనమును పడగొట్టరాదు; పడగొట్టనిదే లాభసాటి కాదు. ఈ రెంటినడుమ చిక్కిన హోటళ్లకు హిల్ ఫోర్ట్ ఒక ప్రతినిధి.

బొంబాయి: వాట్సన్ హోటలు

భారతదేశమున నగరమధ్యస్థమైన హోటలు వాసములుగను అంగళ్లుగను మారిన ఘటనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది బొంబాయి కాలాఘోడా ప్రాంతమునందలి వాట్సన్ ఎస్‌ప్లనేడ్ హోటలు. ఇంగ్లండున పోతపోయబడిన ఇనుప స్తంభములను, దూలములను ఓడలపై తెచ్చి, 1867 మొదలు 1869 వఱకు జోడించి నిలిపిన ఈ అయిదంతస్తుల కట్టడము దేశములోని ఇనుపచట్ర భవనములలో అగ్రగణ్యము. దీని రూపకర్త రోలండ్ మేసన్ ఆర్డిష్. లండనులోని సెంట్ పాంక్రస్ రైలుస్టేషను పైకప్పు నిర్మాణమునను ఇతనికి పాలు కలదు. 1896 జులై 7న లూమియేర్ సోదరుల చలనచిత్రములు భారతదేశమున మొట్టమొదట ప్రదర్శింపబడినది ఈ హోటలునందే.

తాజ్‌మహల్ హోటలు 1903లో తెరువబడిన పిదప వాట్సనుకు ప్రాభవము తగ్గి, తుదకు హోటలు మూతపడి, ఎస్‌ప్లనేడ్ మాన్షన్ అను పేర భవనము చిన్న చిన్న భాగములుగా చీలినది. గదికొక అద్దెదారు, క్రింద అంగళ్లు, పైన వకీళ్ల కార్యాలయములు, వానినడుమ కాపురములు. ప్రతి భాగమునకు వేరు త్రోవ, వేరు అటక, వేరు నీటిగొట్టము అమర్చుకొనుటచే ఇనుపచట్రముపై మొదట ఉద్దేశింపని బరువు పడినది. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టము వలన అద్దెలు పాతమట్టమున స్తంభించుటచే స్వామికి మరమ్మతు చేయ వెచ్చము పెట్టు ఆసక్తి నశించెను; అద్దెదారులకు భవనము తమది కాదు గనుక వారును చేయింపరైరి. 2005లో ముఖభాగమున కొంత కూలినది. ప్రపంచ కట్టడముల నిధి తన 2006 పట్టికలో దీనిని ప్రమాదస్థితిలోనున్న నూరు స్థలములలో నొకటిగా చేర్చెను. 2019లో అద్దెదారులను ఖాళీ చేయించిరి.

ఇక్కడ జరిగినది ప్రణాళికాబద్ధమైన రూపాంతరము కాదు. ఎవరును నిర్ణయింపకయే జరిగిపోయిన రూపాంతరము. మన పట్టణములలోని పాత లాడ్జీలు సైతము చాలవఱకు ఈ త్రోవనే నడచుచున్నవి. నెలవారీ అద్దెకు కొన్ని గదులు, కోచింగు విద్యార్థులకు కొన్ని, వీథివైపు గోడను పగులగొట్టి రెండు షట్టర్లు, ఇట్లు అంచెలంచెలుగా హోటలు తన హోటలుతనమును కోల్పోవును గాని, నగరపాలక సంస్థ దస్త్రములలో మాత్రము లాడ్జిగానే నిలిచియుండును.

ఇతర దేశములు

ఆర్డిష్ చేయి సోకిన సెంట్ పాంక్రస్ స్టేషను ముందుభాగమున, జార్జి గిల్బర్ట్ స్కాట్ రూపొందించిన మిడ్‌లాండ్ గ్రాండ్ హోటలు 1873లో తెరువబడి 1935లో మూతపడినది. అగ్నిని నిరోధించుటకై మందమైన కాంక్రీటుతో కట్టిన అంతస్తుల వలన గదిగదికి స్నానశాల నమర్చుట దుష్కరమగుట దాని పతనహేతువులలో నొకటి. దశాబ్దములపాటు రైల్వే కార్యాలయముగా నుండి, పిదప ఖాళీ పడియుండి, 2011లో అది మరల తెరువబడినపుడు, క్రింది భాగములు హోటలుగాను, పై అంతస్తులు అరువదికి పైగా వాసగృహములుగాను మారినవి. వాట్సనుకు దాదాపు సమవయస్కమైన ఈ భవనము నిలుచుటకు కారణము ఇనుముకంటె కాంక్రీటు గట్టిదగుట కాదు. ఒకే సంస్థ మొత్తము పనికి పూచీపడుటయు, వాసములను ముందుగా అమ్మిన సొమ్ము ఆ వ్యయమునకు తోడ్పడుటయు.

న్యూయార్కునందు 1907లో తెరువబడిన ప్లాజా హోటలును 2004లో కొన్న సంస్థ, అందు అధికభాగమును అమ్మకపు ఫ్లాట్లుగాను, క్రింది భాగమును అంగళ్లుగాను మార్చ తలపెట్టగా, ఉద్యోగములు పోవునని హోటలు కార్మికుల సంఘము ఆందోళన చేసినది. ఒడంబడిక కుదిరి, హోటలు గదులు కొన్ని నిలుపబడి, 2008లో భవనము తిరిగి తెరువబడెను. డెట్రాయిటులోని బుక్ కాడిలాక్ 1984లో మూతపడి, రెండు దశాబ్దములకు పైగా పాడుపడియుండి, 2008లో హోటలును ఫ్లాట్లును కలిసిన భవనముగా బ్రతికినది. లాస్ ఏంజెలెసులో 1924 నాటి సెసిల్ హోటలు 2021లో ఆరు వందల ఒంటిగది వాసములతో పేదలకు ఆశ్రయమైనది. కోవిడ్ కాలమున ఖాళీపడిన హోటళ్లను నిరాశ్రయుల వాసములుగా మార్చుటకు కాలిఫోర్నియా రాష్ట్రము 2020లో ‘హోమ్‌కీ’ అను పథకమును చేపట్టినది. ఒకే ప్రక్రియ సంపన్నుల సౌధములకును నిరుపేదల గదులకును ఉపకరించుట దీని విశేషము.

ప్రభేదములు

రూపాంతరము త్రివిధము. స్తంభములు, కప్పులు నిలిపి లోపలి గోడలను మార్చుట మొదటిది. వీథి ముఖమును మాత్రము కాపాడి వెనుకభాగమును క్రొత్తగా కట్టుట రెండవది. సమూలనాశము చేసి ఖాళీనేలపై కట్టుట మూడవది. తెలంగాణ, ఆంధ్ర పట్టణములందు మూడవదే ఎక్కువ. పట్టణ మధ్యపు హోటళ్లు చాలవఱకు మూడు నాలుగంతస్తులకు మించనివి యగుటయు, అదే నేలపై నేటి నిబంధనలు అంతకు రెట్టింపు కట్టుటకు అవకాశమిచ్చుటయు దీనికి హేతువు. స్థలస్వామి నేలనిచ్చి, బిల్డరు కట్టి, ఫ్లాట్లను మడిగెలను వంతులవారీగా పంచుకొను పద్ధతిని ‘డెవలప్‌మెంటు’ అని మాత్రమే అందురు. క్రింది మడిగెలను స్వామి యుంచుకొని అద్దెలపై బ్రతుకుటయు, పై ఫ్లాట్లను బిల్డరు అమ్ముకొనుటయు ఇందలి సాధారణ ఒప్పందము.

నిర్మాణ ప్రక్రియ

జాతీయ భవన నియమావళి హోటలును, అపార్టుమెంటును ఒకే ‘నివాస’ వర్గమున చేర్చినది. అంగళ్లు ‘వాణిజ్య’ వర్గమున వేరుగా నున్నవి. కాగితముపై హోటలునకు అపార్టుమెంటు సన్నిహిత బంధువు; కట్టడమున మాత్రము అంతటి సామీప్యము లేదు.

హోటలు గది ఒక్కరాత్రి వాసమునకు చాలును. ఒక కుటుంబమునకు చాలదు. నడుమ నడవ, దానికి ఇరువైపుల గదులు అనునది హోటలు పటము. కావున గదికి ఒక్క ప్రక్కనుండియే గాలి వెలుతురులు వచ్చును. రెండు మూడు గదులను కలిపి ఒక ఫ్లాటుగా మార్చునపుడు అడ్డుగోడను తొలగించుట సులభము, అది బరువు మోయనిదగుచో; వంటగదికి చోటు చూపుట మాత్రము కష్టతరము. హోటలునందు స్నానశాలలు జంటజంటలుగా ఒక గొట్టపు దారిని ఆశ్రయించియుండును. మూడు గదులు కలిసిన ఫ్లాటునకు మూడు స్నానశాలలు అవసరము లేదు. వానిలో నొకదానిని వంటగదిగా మార్చిన నీరు, మురుగు సులభముగా కుదురును గాని, పొగ వెలుపలికి పోవు దారి కావలెను. గ్యాసు సిలిండరు ఉంచు చోటికి గాలి ఆవశ్యకము. తెలుగింట తాళింపు ఘాటును మూసియున్న నడవలోనికి వదలినచో అది ఆ యంతస్తు మొత్తమునకు భోజనసమయము చాటును.

బరువుల లెక్క దీనికంటె ముఖ్యము. భారత ప్రమాణము ఐ.ఎస్. 875 రెండవ భాగము ప్రకారము వాసగృహపు గదుల నేల చదరపు మీటరునకు 2 కిలోన్యూటన్ల బరువును, చిల్లర అంగడి నేల 4 కిలోన్యూటన్ల బరువును మోయునట్లు రూపొందింపవలెను; గిడ్డంగికి అంతకు మించినది కావలెను. హోటలు గది కూడ వాసగృహముతో సమానమే. కావున గదిని ఇల్లు చేయవచ్చును. మొదటి అంతస్తు గదులను అంగళ్లుగా చేయుటకు మాత్రము స్తంభములను, దూలములను పరీక్షించి బలపఱుపక తప్పదు. విందుశాల, భోజనశాల ఇదివఱకే ఎక్కువ బరువునకు కట్టబడినవి గనుక అవియే అంగళ్లకు తగినవి. క్రింది అంతస్తున షట్టర్లకై వీథిగోడను తొలగించి, పైన గోడలు నిలిపినచో, భూకంపమునకు బలహీనమైన మెత్తని క్రింది అంతస్తు ఏర్పడును. పట్టణములలో లాడ్జిగోడలను పగులగొట్టి మడిగెలు తీయువారు ఈ ప్రమాదమును తఱచు గుర్తింపరు.

నీటి లెక్కలో రూపాంతరము కొంత లాభకరము. నియమావళి సామాన్య హోటలునకు మంచమొక్కటికి రోజునకు 180 లీటర్లను, వాసగృహమునందు మనిషి యొక్కనికి 135 లీటర్లను కనీసముగా సూచించును. అయితే హోటలు మంచములన్నియు ప్రతిదినము నిండవు. ఫ్లాటులోని కుటుంబము ప్రతిదినము ఉండును. వాహనముల నిలుపుదలకు సెల్లారు లేని పాత హోటళ్లకు చిక్కు ఎక్కువ. సెల్లారు ఉన్నవారు దానిని అంగళ్లుగా మార్చుట మఱింత చిక్కు.

శాసన నిబంధనలు

తెలంగాణమున భవనముల ఎత్తు, చుట్టునుండు ఖాళీస్థలము, వాహనస్థలము మొదలగు విషయములను 2012 ఏప్రిల్ 7 నాటి జి.ఓ. 168 నిర్ణయించును. అనుమతులు 2019 నాటి పురపాలక చట్టమునకును, 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టమునకును లోబడియుండును. 500 చదరపు మీటర్లకు మించిన స్థలములందలి భవనములును, 10 మీటర్లకు మించిన ఎత్తుగలవియు ఏకగవాక్ష పద్ధతిలో 21 రోజులలో పరిష్కరింపబడవలెను. పట్టణపు మాస్టరు ప్లానులో ఆ స్థలము వాణిజ్య మండలమా, నివాస మండలమా, మిశ్రమ మండలమా యనునది ప్రథమ ప్రశ్న. 500 చదరపు మీటర్లకు మించిన నేల గాని, ఎనిమిదికి మించిన వాటాలు గాని గల ప్రణాళికను 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము క్రింద, వాడుకలో ‘రెరా’ క్రింద, నమోదు చేయకుండ అమ్మరాదు.

అనేక స్వాముల సమస్యకు 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము సమాధానము చూపుటకు యత్నించినది. మెట్లు, లిఫ్టు, పైకప్పు, నీటితొట్టి అందఱికిని ఉమ్మడి. ప్రతి ఫ్లాటునకు భూమిలో విభజింపరాని వాటా. నిర్వహణకు యజమానుల సంఘము. మిశ్రమ భవనమునందు ఈ సంఘము రెండు కక్షలుగా చీలుట సాధారణము. మడిగె యజమాని లిఫ్టు ఎక్కడు గనుక దాని ఖర్చు ఈయనొల్లడు; ఫ్లాటువాడు రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించుమనును. అందుచే అనుభవజ్ఞులైన బిల్డర్లు మడిగెలకు వేరు విద్యుత్ మీటరు, వేరు నీటితొట్టి, వేరు త్రోవ మొదటనే పెట్టుదురు. ఇది చట్టము చెప్పినది కాదు, కలహములు నేర్పినది.

హోటలు గదులలో ఏండ్ల తరబడి నెలవారీగా నివసించువారు బాటసారులా, అద్దెదారులా అను ప్రశ్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము క్రింద న్యాయస్థానములకు పోయినచో, భవనము పడగొట్టబడకుండ ఏండ్లు గడచును.

రామగుండము, గోదావరిఖని: బొగ్గునేలపై పట్టణము

పై విషయములన్నియు ఒక పట్టణమున ఎట్లు వర్తించునో ఇక చూతము. పెద్దపల్లి జిల్లా 2016 అక్టోబరు 11న కరీంనగరునుండి విడివడి ఏర్పడినది. అందలి ప్రధాన నగరము రామగుండము. దానిలోని గోదావరిఖనిని స్థానికులు ‘ఖని’ యనియే పిలుతురు. 1960 ప్రాంతమున సింగరేణి గనులు ఇచట తెరువబడుటతో అడవి యంచు పట్టణముగా మారినది. అటుపిమ్మట ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి నారంభించి 1999లో మూతపడి, రామగుండం ఫర్టిలైజర్స్ పేర 2021లో మరల మొదలైనది. ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రపు తొలి యూనిట్ 1983లో నడచి, పిమ్మట కేంద్రపు శక్తి 2600 మెగావాట్ల వఱకు పెరిగినది. 2009లో నగరపాలక సంస్థ యైన ఈ పట్టణపు జనసంఖ్య 2011 జనగణన ప్రకారము సుమారు 2 లక్షల 29 వేలు.

ఇట్టి పట్టణమునందు లాడ్జికి గిరాకి యాత్రలవలన కాక పనులవలన కలుగును. విద్యుత్ యూనిట్ల మరమ్మతులకు వచ్చు సాంకేతికులు, యంత్రముల కంపెనీల ప్రతినిధులు, గుత్తేదారులు దీని ఆధారము. పండ్రెండేండ్లకొకమాఱు వచ్చు గోదావరి పుష్కరములు మాత్రము కొలదిదినములు అన్నిగదులను నింపును. 2015లో అట్లే వచ్చినవి. మిగిలిన కాలమున బస్టాండు, చౌరస్తా పరిసరములలోని గదులకంటె వానిక్రింది మడిగెలకే ఆదాయము స్థిరము. కావున ఖనిలో రూపాంతరపు ప్రేరణ క్రిందినుండి పైకి పోవునదే కాని పైనుండి క్రిందికి దిగునది కాదు.

అయినను ఇక్కడ భవనముకంటె ముందు నేలను అడుగవలెను. సింగరేణి కాలరీస్ కంపెనీయందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వంతులు కలవు. పట్టణమున కంపెనీ కౌలు భూములు, ప్రభుత్వ భూములు, పట్టా భూములు ఒకదానిలో నొకటి చొరబడియున్నవి. కంపెనీ తిరిగి అప్పగించిన సింగరేణి ప్రాంత భూములలో ఏండ్లుగా నున్న ఇండ్లను క్రమబద్ధము చేయుటకు ప్రభుత్వము జి.ఓ. 76ను వెలువరించినది. హక్కు పత్రము నిలకడగా లేని నేలపై కట్టిన భవనమునకు అనుభవమును అమ్మవచ్చును గాని భూమిలో విభజింపరాని వాటాను అమ్మజాలరు. ఆ వాటా లేనిదే అపార్టుమెంటు చట్టపు ఏర్పాటు నిలువదు, బ్యాంకు అప్పీయదు. ఒకే స్వామి లాడ్జి నడుపుకొనుటకు అడ్డురాని లోపము, అనేక స్వాములకు పంచవలసిన వేళ అడ్డుగోడయై నిలుచును.

రెండవ ప్రశ్న నేలక్రింద నున్నది. ‘బాయి పని’ అని కార్మికులు పిలుచు భూగర్భ గనులలో బొగ్గు స్తంభములను నిలిపి, నడుమ దారులు త్రవ్వుట మొదటి దశ. పిదప ఆ స్తంభములనే తీసివేయుట, అనగా డిపిల్లరింగు, రెండవ దశ. ఖాళీ యైన చోటును గోదావరి ఇసుకను నీటితో కలిపి పంపి నింపుదురు. దీనిని స్టోయింగు అందురు. నింపక వదలిన చోట కప్పు కూలి, పైనేల క్రుంగును. అందువలననే బొగ్గుగనుల నిబంధనలు రైలుమార్గములు, రోడ్లు, ఇతరుల శాశ్వత కట్టడములు మొదలగువానికి 45 మీటర్ల లోపల వ్రాతమూలకమైన అనుమతి లేనిదే గని పని సాగరాదని శాసించును. ఈ నియమము గనికి, భవనమునకు కాదు. పాతగని పైని నేలపై కొత్తగా అయిదంతస్తులు లేపువాడు గని పటములను కంపెనీ సర్వే విభాగమున చూచుకొనవలసిన పూచీ తానే వహింపవలెను. రెండంతస్తుల పాత లాడ్జి చిన్న క్రుంగుడును ఒక పగులుతో భరించును. ఎత్తైన కట్టడము వంగును.

మూడవది కంపనము. ఉపరితల గనులలో మందుగుండు పేల్చునపుడు భూమి అదరును. గనుల భద్రతా మహాసంచాలకుని కార్యాలయము 1997 నాటి ఉత్తర్వున, కంపెనీకి చెందని వాసగృహములవద్ద కణవేగము, అదురు 8 హెర్ట్‌జ్‌కు తక్కువయైనచో సెకనునకు 5 మిల్లీమీటర్లకును, 8 మొదలు 25 వఱకు నున్న 10కిని, 25 మించిన 15కిని లోబడవలెనని పరిమితి విధించినది. పాత హోటలు చట్రమును నిలిపి మార్చు మొదటి పద్ధతిని ఇక్కడ అవలంబింపదలచువారు, ఇదివఱకే దశాబ్దములుగా అదరుచున్న గోడల, అతుకుల స్థితిని ముందుగా పరీక్షింపజేయవలెను; సమూలముగా కట్టువారు పునాదులను, స్తంభముల కడ్డీలను అందుకు తగినట్లు రూపొందింపవలెను. అద్దాల ముఖభాగములు ఈ నేలకు తగినవి కావు.

వాసమునకు కొనుగోలుదారులు ఎవరనునది చివరి ప్రశ్న. 1990 ప్రాంతమున లక్షకు మించియుండిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య యంత్రముల రాకవలనను స్వచ్ఛంద విరమణ పథకములవలనను సుమారు నలువది వేలకు తగ్గినది. ఉద్యోగమున నున్నంతకాలము కార్మికుడు కంపెనీ క్వార్టరున నుండును. యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ వంటివి అట్లు ఏర్పడినవే. విరమణ కాగానే క్వార్టరు అప్పగింపవలెను. ముప్పదియేండ్లు ఖనిలో గడపి, పిల్లల చదువులు, సింగరేణి ఆసుపత్రి, ఎఱిగిన మనుష్యులు ఇచటనే యుండగా, విడిచివచ్చిన ఊరికి పోలేని కుటుంబములకు చౌరస్తాకు నడచిపోగల దూరమున రెండుగదుల ఫ్లాటు సరిపోవును. పెద్దయిండ్ల స్థలములు పట్టణపు వెలుపల దొరకును గాని, అచటనుండి ఆసుపత్రికి ఆటో కావలెను.